మహానగరంలో తొలి ప్రయాణం: బెరుకుకు కారణాలు, అధిగమించే మార్గాలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత, పెద్ద నగరంలో సిటీ బస్సు, మెట్రో రైలు ఎక్కాలంటే కలిగే బెరుకు ఎక్కడి నుంచి పుడుతుందో మీరు వివరించగలుగుతారు. తెలియని ప్రయాణాన్ని ‘నిర్ణయ స్థానాలు’గా విడదీసి, ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోగలుగుతారు.

1. పరిచయం

దూరవిద్యలో చదువుకొనేవారిలో చాలామందికి నగరంతో పరిచయం పని మీదే ఏర్పడుతుంది. పరీక్షకో, సర్టిఫికెట్ కోసమో, ఉద్యోగ ఇంటర్వ్యూకో, ఇంట్లో పెద్దవాళ్లను ఆసుపత్రిలో చూపించడానికో హైదరాబాదు వెళతారు. చూడటానికి వెళ్లినవాడు దారి తప్పితే ఇంకో వీధి చూసినట్లవుతుంది. పని మీద వెళ్లినవాడు దారి తప్పితే పని తప్పిపోతుంది. అందుకే ఈ ప్రయాణాల్లో బెరుకు ఎక్కువ.

ఆ బెరుకు తప్పించుకోవడానికి మనం మామూలుగా చేసే పనులు మూడు. బస్‌స్టేషన్ బయట మొదట పిలిచిన ఆటో ఎక్కి, అడిగినంతా ఇస్తాం. లేదా తమ్ముణ్ణో, మామయ్యనో తోడు తీసుకువెళ్లి వారి ఒక రోజు కూలి పోగొడతాం. అదీ కుదరకపోతే వెళ్లడం మానేస్తాం. మూడోది బయటికి కనిపించదు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిన సంగతే ఇంట్లో చెప్పకుండా ఊరుకొన్నవారు ఉంటారు. బస్సు ఎక్కడం కూడా పాఠమేనా అని మీకు అనిపించవచ్చు. మూడేళ్లు కష్టపడి సంపాదించిన డిగ్రీ అక్కరకు రావడం ఒక్కోసారి బస్టాపు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇది పాఠమే.

2. బెరుకు ఎందుకు కలుగుతుంది?

సొంత ఊళ్లో మనం ఆలోచించకుండా నడుస్తాం. రావిచెట్టు, పంచాయతీ ఆఫీసు, చెరువు కట్ట అన్నీ మనసులో వాటి వాటి చోట ఉంటాయి. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టోల్మన్ దీనిని 1948లో ‘సంజ్ఞానాత్మక పటం’ అన్నాడు. చిక్కుదారుల పెట్టెలో తిరిగే ఎలుకలు కూడా ఎక్కడ ఎటు తిరగాలో బట్టీపట్టడమే కాక, ఆ స్థలం మొత్తానికి ఒక పటాన్ని మెదడులో గీసుకొంటాయని ఆయన వాదించాడు. నగరాల విషయంలో ఇదే ఆలోచనను కెవిన్ లించ్ ముందుకు తీసుకువెళ్లాడు. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజలిస్ నగరాల మనుషులను ప్రశ్నించి 1960లో ప్రచురించిన గ్రంథంలో, మనసులోని నగరం ఐదు అంశాలతో తయారవుతుందని చెప్పాడు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, గుర్తులు. హైదరాబాదుకు అన్వయిస్తే మెట్రో మార్గం ఒక దారి, మూసీ నది ఒక అంచు, సుల్తాన్ బజార్ ఒక పేట, అమీర్‌పేట ఒక కూడలి, చార్మినార్ ఒక గుర్తు. కొత్తగా వచ్చినవారి దగ్గర ఈ పటం ఉండదు. వారిలో లోపించింది ధైర్యం కాదు, పటం. ఈ తేడాను గట్టిగా పట్టుకోండి. ధైర్యం అరువు దొరకదు గాని, పటాన్ని ముందురోజు రాత్రి కాగితం మీద గీసుకోవచ్చు.

రెండో కారణం, అందరూ మననే చూస్తున్నారన్న భావన. ఏ ద్వారం ఎక్కాలో తెలియక తటపటాయిస్తే, టికెట్ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగితే, ‘పల్లెటూరివాళ్లు’ అనుకొంటారేమోనని ముఖం వేడెక్కుతుంది. థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ పనికివస్తుంది. కాలేజీ విద్యార్థులకు నామోషీగా అనిపించే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురు కూర్చున్న గదిలోకి పంపారు. బొమ్మ ఎవరిదో ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే, సుమారు సగం మంది అని విద్యార్థులు ఊహించారు. నిజంగా గమనించినవారు దాదాపు నాలుగో వంతే. ఉదయం తొమ్మిదిన్నరకు అమీర్‌పేట స్టేషన్‌లో నడిచేవారికి తమ ఆఫీసు, తమ ఫోను తప్ప మరొకటి పట్టదు. మీరు ఆగితే పక్కనుంచి వెళ్లిపోతారు, అంతే.

మూడోది, తప్పించుకొనే అలవాటు. భయం కలిగించే పనిని వదిలేయగానే మనసు తేలికపడుతుంది. ఆ హాయి బహుమతిలా పనిచేసి, మళ్లీ వదిలేయమని ప్రోత్సహిస్తుంది. బస్సు ఎక్కితే ఏమీ కాదని తెలుసుకొనే అవకాశమే మనకు రాదు. పదిసార్లు ఆటోలో వెళ్లినవారికి పదకొండోసారి కూడా బస్సు కొత్తే.

3. నిర్ణయ స్థానాలు

ప్రయాణంలో ఎటు వెళ్లాలో మనమే తేల్చుకోవలసిన చోటును నిర్ణయ స్థానం అందాం. యాభై కిలోమీటర్ల ప్రయాణమైనా ఇలాంటి చోట్లు ఐదారుకు మించవు. మిగిలినదంతా కూర్చోవడమే. బెరుకు ప్రయాణమంతా పరుచుకొన్నట్లు ఉంటుంది గాని, నిజానికి ఈ కొద్ది చోట్లలోనే ఉంటుంది.

నల్లగొండలో ఉండే ఒక విద్యార్థినికి హైటెక్ సిటీలో ఉదయం 11 గంటలకు ఇంటర్వ్యూ ఉందనుకొందాం. ఆమె ఊహలో ఇది ‘హైదరాబాదు మొత్తం దాటి అవతలకు పోవడం’. కాగితం మీద పెట్టి చూద్దాం.

మొదటి నిర్ణయం బస్సు ఎక్కడ దిగాలన్నది. నల్లగొండ బస్సు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా వెళుతుంది. అయితే అంతకుముందే ఎల్బీనగర్ వస్తుంది, మెట్రో ఎరుపు మార్గం మొదలయ్యేది అక్కడే. అక్కడ దిగితే ఊళ్లోని ట్రాఫిక్ చాలావరకు తప్పుతుంది. (వరంగల్ వైపు నుంచి వచ్చేవారికి ఇదే విధంగా ఉప్పల్‌లో నీలం మార్గం అందుతుంది. కరీంనగర్ బస్సులు వెళ్లే జూబ్లీ బస్‌స్టేషన్ దగ్గరా మెట్రో ఉంది.)

రెండోది స్టేషన్‌లోకి వెళ్లడం. మెట్లు ఎక్కితే మొదట టికెట్లు ఇచ్చే అంతస్తు వస్తుంది, రైలు దాని పైన. కౌంటరులో “హైటెక్ సిటీ ఒకటి” అంటే చాలు. బ్యాగును స్కానర్‌లో పెట్టి తీసుకొని, టికెట్‌ను గేటుకు చూపిస్తే తలుపు తెరుచుకొంటుంది. దిగిన చోట బయటికి వెళ్లడానికి కూడా ఇదే టికెట్ కావాలి కాబట్టి పారేయకూడదు.

మూడోది ఏ ప్లాట్‌ఫాం అన్నది. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. దీని వెనక ఉన్న సూత్రం ఒక్కటే: మెట్రోలో దిశను ఆ మార్గపు ఆఖరి స్టేషన్ పేరుతో చెబుతారు. ‘అమీర్‌పేట వైపు’ అనే బోర్డు కోసం వెతికితే అది దొరకకపోవచ్చు. ‘మియాపూర్ వైపు’ అన్నది చూడాలి. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా 27 స్టేషన్లు, వాటిలో అమీర్‌పేట పదిహేడోది. అరగంట పైచిలుకు పడుతుంది. రాబోయే స్టేషన్ పేరును తెలుగులోనూ ప్రకటిస్తారు.

నాలుగోది అమీర్‌పేటలో మారడం. ఇక్కడ గేటు దాటి బయటికి రాకూడదు, మళ్లీ టికెట్ కొననక్కర్లేదు. నీలం మార్గం గుర్తులను అనుసరిస్తూ ‘రాయదుర్గం వైపు’ ప్లాట్‌ఫాంకు వెళ్లాలి. అక్కడి నుంచి ఎనిమిదో స్టేషన్ హైటెక్ సిటీ, సుమారు ఇరవై నిమిషాలు. ఐదోది దిగాక ఏ వైపు మెట్లు దిగాలన్నది. ఇంటర్వ్యూ జరిగే భవనం రోడ్డుకు ఏ పక్కన ఉందో ముందే తెలుసుకొంటే చాలు.

మొత్తం ఐదు నిర్ణయాలు. పోస్టుకార్డు మీద పట్టేంత.

ఇప్పుడు ప్రతి నిర్ణయం పక్కన మరో మాట రాయండి: ఇక్కడ పొరపడితే ఎంత నష్టం? రాయదుర్గం బదులు నాగోలు వైపు రైలెక్కితే, తరవాతి స్టేషన్‌లో దిగి ఎదుటి ప్లాట్‌ఫాం మీద తిరుగు రైలెక్కాలి. నష్టం పది నిమిషాలు. ఎల్బీనగర్‌లో దిగడం మరచిపోతే బస్సు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు చేరుస్తుంది, అక్కడా మెట్రో స్టేషన్ ఉంది. భయం ప్రతి పొరపాటునూ ఒకే బరువుతో తూచి, అన్నిటికీ ‘ఇక అంతే’ అని ధర కడుతుంది. కాగితం మీద రాస్తే అసలు ధర తెలుస్తుంది. ఆ నిమిషాలన్నీ కలిపి, మరో అరగంట చేర్చి, అంత ముందుగా ఇంటి నుంచి బయలుదేరాలి. ఎంత ధైర్యం చెప్పుకొన్నా చేతిలో సమయం లేకపోతే అది నిలవదు.

మెట్రో స్టేషన్లలో కనిపించే గీతల పటం గురించి ఒక మాట. అందులో దూరాలు కొలతకు సరిపోవు. లండన్ భూగర్భ రైలు కోసం హ్యారీ బెక్ గీయగా 1933లో విడుదలైన పటం నుంచి ఈ పద్ధతి వ్యాపించింది. రైల్లో కూర్చున్నవారికి కావలసినవి స్టేషన్ల వరస, మారే చోటు మాత్రమేనని ఆయన గ్రహించాడు. మీరు కాగితం మీద గీసుకొనేది కూడా అలాంటిదే, అందంగా ఉండనక్కర్లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అ) మెట్రోలో ప్రయాణ దిశను ఏ పేరుతో సూచిస్తారు?
(ఆ) ‘తప్పించుకొనే అలవాటు’ భయాన్ని ఎందుకు తగ్గించదు?

4. సిటీ బస్సు

మెట్రో కంటే సిటీ బస్సు కొంచెం కష్టం, ఇది ఒప్పుకోవాలి. బస్సు ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చాక పది సెకన్లు కూడా ఆగకపోవచ్చు, ఆగినా బస్టాపుకు ఇరవై గజాల ముందో వెనకో ఆగుతుంది. అయినా మెట్రో వెళ్లని పేటలకు వెళ్లాలంటే అదే దిక్కు, ఖర్చూ తక్కువ. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు కూడా లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించి ‘సున్నా టికెట్’ తీసుకోవాలి. (మెట్రో ఎక్స్‌ప్రెస్ అన్నది ఒక రకం బస్సు పేరు. మెట్రో రైలుకు ఈ ఉచితం వర్తించదు.)

బస్సు మీద నంబరు ఊరి పేరు కంటే ఎక్కువ చెబుతుంది. 5కె, 49ఎం రెండూ సికింద్రాబాదు, మెహదీపట్నం మధ్య తిరిగేవే అయినా దారులు వేరు. నడుమ పంజగుట్టలో దిగవలసినవారు 5కె ఎక్కితే పంజగుట్ట రాదు. కాబట్టి నంబరు చూశాక కూడా, ఎక్కేముందు దిగవలసిన చోటు పేరు చెప్పి అడగాలి. “అన్నా, పంజగుట్ట పోతదా?” అన్న మూడు మాటలు చాలు. ఊరిపేరు, వచ్చిన పని, ఇంటర్వ్యూ సంగతి చెప్పనక్కర్లేదు. ఎక్కాక కండక్టరుతో టికెట్ తీసుకొంటూ “స్టేజీ వచ్చినప్పుడు చెప్పండన్నా” అంటే చాలామంది చెబుతారు. రద్దీలో మరచిపోవచ్చు కాబట్టి పక్క సీటువారిని కూడా అడిగి ఉంచండి. సాధారణంగా స్త్రీలు ముందు ద్వారం నుంచి, పురుషులు వెనక ద్వారం నుంచి ఎక్కుతారు. చిల్లర చేతిలో ఉండాలి. కదిలే బస్సు వెంట పరుగెత్తకండి, దాని వెనక ఇంకొకటి వస్తుంది.

అడగడం నామోషీ కాదని అందరూ చెబుతారు, కాని ఎవరిని అడగాలో చెప్పరు. ట్రాఫిక్ కానిస్టేబుల్, బస్టాపు పక్కన టీ కొట్టు నడిపేవారు, కాలేజీ సంచులతో నిలబడ్డ విద్యార్థులు, యూనిఫాంలో ఉన్న మెట్రో సిబ్బంది: వీరికి రోజూ అవే దారులు. ఒకరు చెప్పినది నమ్మకం కలిగించకపోతే మరొకరిని అడగండి. అడగకముందే వచ్చి “నేను తీసుకువెళతా” అనేవారితో మాత్రం వెళ్లనక్కర్లేదు.

5. శరీరాన్ని సిద్ధం చేయడం

ఇంత తెలిసినా, మెట్ల దగ్గర గుండె దడదడలాడవచ్చు. గోడ పక్కకు జరిగి, శ్వాసను లోపలికి తీసుకొన్న దానికంటే నెమ్మదిగా బయటికి వదలండి. నాలుగైదుసార్లు చేస్తే దడ తగ్గుతుంది. పూర్తిగా పోయేదాకా ఆగనక్కర్లేదు, కొంచెం దడతోనే రైలెక్కవచ్చు.

అసలు మందు మెట్టుమెట్టుగా అలవాటు చేసుకోవడం. జోసెఫ్ వోల్పి 1958లో వెలువరించిన చికిత్సా విధానంలో, భయపెట్టే సందర్భాలను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి, కింది మెట్టు తేలికయ్యాకే పై మెట్టుకు వెళ్లమంటాడు. పరీక్ష రోజునే మొదటి మెట్రో ప్రయాణం పెట్టుకోవడం దీనికి పూర్తిగా విరుద్ధం. పుస్తకాలు తెచ్చుకోవడానికి వచ్చిన రోజో, బంధువుల ఇంటికి వచ్చిన రోజో, తొందరపని లేనప్పుడు, మధ్యాహ్నం రద్దీ తగ్గిన వేళ రెండు స్టేషన్ల దూరం వెళ్లి తిరిగి రండి. మొదటిసారి తోడు ఉన్నా పరవాలేదు. అయితే టికెట్ మీరు కొనండి, దారి మీరు చెప్పండి, తోడువచ్చినవారిని వెనక నడవమనండి. చేయి పట్టుకొని నడిపిస్తే వారికి దారి వస్తుంది, మీకు రాదు.

బెరుకు వేరు, ఊపిరి ఆడనంత ఆందోళన వేరు. రద్దీలో తరచుగా కళ్లు తిరిగి, ప్రాణం పోతుందన్నంత భయం కలుగుతుంటే అది ఈ పాఠంతో తీరేది కాదు. వైద్యులను సంప్రదించాలి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దారిలో ఎవరైనా వేధించినా, ప్రమాదం అనిపించినా 112కు ఫోన్ చేయాలి.

అభ్యాసం

మీరు ఈ సంవత్సరం నగరంలో వెళ్లవలసిన ఒక చోటును ఎంచుకోండి. మీ ఇంటి గడప నుంచి ఆ భవనం గేటు దాకా వచ్చే నిర్ణయ స్థానాలను వరసగా రాయండి. ఒక్కొక్క దాని పక్కన చూడవలసిన బోర్డు లేదా గుర్తును, పొరపడితే పోయే నిమిషాలను రాయండి. తిరుగు ప్రయాణానికి కూడా ఇలాగే రాసి, మీ ఊరికి ఆఖరి బస్సు వేళను కాగితం పైన పెద్ద అంకెల్లో వేయండి.