నాయన మొగం ఎందుకు నల్లబడింది?
(ఒక పుస్తకం, ఒక ఎరువు కెమేరా, మా శనక్కాయ చేను)

ఫోటోగ్రఫీ మీద వ్యాసమనగానే ఇదేదో డబ్బున్నవాళ్ళ సరదా అనుకొని పేజీ తిప్పేయకండి. ఇది రాస్తున్నవాడు కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో శనక్కాయ పండించే రైతు కొడుకు. బి.యస్సీ. విద్యార్థి. సొంత కెమేరా ఇప్పటికీ లేదు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే మా పెద్దమ్మ కొడుకు, ముహూర్తాలు లేని నెలల్లో తన పాత డిజిటల్ కెమేరాను నాకు ఎరువిస్తాడు. ఇక గురువంటారా, ఆయన 1984లోనే కాలం చేశాడు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల్లో దొరికాడు.

ఆ పుస్తకం పేరు ‘ది నెగెటివ్’. రాసినవాడు అమెరికా ఫోటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్. పియానో విద్వాంసుడు కావాలని చిన్నప్పటి నుంచీ సాధన చేసి, చివరికి కెమేరాతో బతికినవాడు. 1948లో మొదట వచ్చిన ఈ పుస్తకాన్ని ఆయనే తిరగరాసి 1981లో మళ్ళీ వేయించాడు. నాకు దొరికింది ఆ రెండోది. అట్ట ఊడిపోయింది కానీ లోపలి పేజీలన్నీ ఉన్నాయి.

సైన్సు విద్యార్థికి ఈ గోలెందుకని అడిగేవాళ్ళుంటారు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివినవాడే. పైగా ఈ పుస్తకంలో కవిత్వం కన్నా లెక్కలే ఎక్కువ!

అసలు విషయానికొస్తాను. పోయిన సంవత్సరం ఎండాకాలం సెలవుల్లో మొదటిసారి కెమేరా పట్టుకొని ఊరికి పోయాను. నాయన చేనులో ఉన్నాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తలకు తువ్వాలు. మిట్టమధ్యాహ్నం. నలభై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే పంచె ఉంది, చొక్కా ఉంది, చేను ఉంది. తువ్వాలు కింద మొగముండవలసిన చోట బొగ్గుముక్క ఉంది. మా చెల్లెలు చూసి, “ఏమన్నా ఇది, నాయనకు మొగమే లేదే?” అనింది. నవ్వులాటకే అనింది గానీ నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్లయింది. ఎందుకంటే మా తాత ఫోటో ఇంట్లో ఒక్కటంటే ఒక్కటే ఉంది, గుర్తింపు కార్డు మీదది. అందులోనూ ఆయన మొగం ఇట్లాగే నల్లమచ్చ. ఆయనెట్లుంటాడో తెలుసుకుందామంటే ఇప్పుడు వేరే దారి లేదు.

తప్పెక్కడ జరిగిందో పుస్తకంలో వెతికాను.

కెమేరాలో వెలుగును కొలిచే మీటరు ఒకటుంటుంది. దానికి మనిషి తెలియదు, పంచె తెలియదు. ఎదుట ఏది కనిపించినా, అది మధ్యరకం బూడిదరంగు వస్తువే అనుకుంటుంది. అంటే పడిన వెలుగులో నూటికి 18 వంతులు తిప్పి పంపేదన్నమాట. దాన్ని ఆ బూడిదరంగులోనే చూపడానికి ఎంత వెలుతురు కావాలో లెక్క చెప్తుంది. నమ్మకం లేకపోతే ఒక పరీక్ష చేయండి. నల్ల ఎనుము వీపు ఫ్రేమంతా నిండేటట్లు ఒక ఫోటో, తెల్ల ఎద్దు వీపు నిండేటట్లు ఒక ఫోటో, కెమేరా ఇష్టానికి వదిలేసి తీయండి. ఎనుము తెల్లబడి, ఎద్దు మాసిపోయి, రెండూ ఇంచుమించు ఒకే బూడిదరంగులో వస్తాయి! నా నలభై ఫోటోల్లో మీటరు తెల్ల బట్టలను చూసి, వాటిని బూడిద చేయబోయి, వెలుతురు తగ్గించేసింది. ఆ దెబ్బకు నాయన మొగం చీకట్లోకి పోయింది.

దీనికి ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే మరొక అధ్యాపకుడితో కలిసి, 1940 ప్రాంతంలో లాస్ ఏంజలస్‌లో ఒక పద్ధతి ఏర్పరిచాడు. పేరు జోన్ సిస్టమ్. కటిక నలుపు 0, కాగితపు తెలుపు 10, మధ్యలో మెట్లు. ఒక మెట్టెక్కితే వెలుతురు రెట్టింపు, దిగితే సగం. 5వ మెట్టు మీటరు చెప్పే బూడిద. మీటరు చెప్పిందే వేదం కాదు, అది 5వ మెట్టును మాత్రమే చూపిస్తుంది, ఏ వస్తువు ఏ మెట్టు మీద నిలబడాలో నిర్ణయించేది నువ్వు! నాకు తెలిసినంతలో ఆ పుస్తకం సారమంతా ఇదే.

దీనికి ఆయన జీవితంలోని ముచ్చటే ఉదాహరణ. న్యూమెక్సికో రాష్ట్రంలో హెర్నాండెజ్ అనే పల్లె మీదుగా కారులో పోతుంటే చంద్రోదయం కనిపించింది. కింద సమాధుల తెల్ల శిలువల మీద చివరి ఎండ. మీటరు కోసం వెతికితే దొరకలేదు. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకు 250 కాండిళ్ళని గుర్తుకొచ్చింది. దాన్ని 7వ మెట్టు మీద పెట్టి, నోటిలెక్క వేసి, ఒక్క సెకను తెరిచి ఫోటో తీశాడు. రెండోది తీసేలోగా ఎండ పోయింది. లోకప్రసిద్ధమైన ఆ ఫోటో తేదీ ఆయనకే సరిగ్గా గుర్తులేకపోతే, ఖగోళశాస్త్రం తెలిసినవాళ్ళు చంద్రుడున్న చోటును బట్టి 1941 నవంబరు 1 అని తేల్చారు. ఇది చదివిన రాత్రి మా మిద్దె మీద పడుకొని చంద్రుణ్ణి చూస్తూ, మనకూ ఆయనకూ ఉన్నది ఒకటే చంద్రుడు కదా, ఆ 250 ఇక్కడా పనికొస్తుంది కదా అనుకున్నాను.

చంద్రుడు ఒకటేగానీ సూర్యుడి దగ్గరే తేడా వచ్చింది! ఆడమ్స్ జీవితమంతా తిరిగిన యోసెమిటీ లోయ దాదాపు 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది. అక్కడ సూర్యుడు ఏ రోజూ నడినెత్తికి రాడు. మన అనంతపురం 15 డిగ్రీలకు కాస్త లోపలే. ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిన నిలబడతాడు. కనుబొమ్మల నీడ కళ్ళలో పడుతుంది, తువ్వాలు నీడ మొగమంతా పడుతుంది. పైగా మనది వానచాటు నేల. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనం మనదాకా వచ్చేసరికి చిక్కిపోతుంది. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆకాశాన మబ్బు తక్కువ కాబట్టి వెలుగుకూ నీడకూ మధ్య తేడా ఎక్కువ. వానకూ ఫోటోకూ సంబంధమేమిటంటారేమో, ఇదే సంబంధం!

ఇంకొక తేడా కూడా గమనించాను. ఎండలో తెల్లవాళ్ళ చర్మానికి పుస్తకం 6వ మెట్టు ఇస్తుంది, నల్లని చర్మానికి 5వ మెట్టు ఇస్తుంది. అట్లా ఒక్క మాటైనా రాసినందుకు ఆయనకు నమస్కారం. ఎందుకంటే 1950ల నుంచి చాలా ఏళ్ళు రంగుల ఫోటోలను సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన నమూనా కార్డు మీద ఉండేది తెల్లజాతి యువతి బొమ్మ. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆ కొలతకు ఎవరి మొగాలు అందవో వేరే చెప్పాలా?

ఇప్పుడు పద్ధతి చెప్తాను. కెమేరాలో స్పాట్ మీటరింగ్ అనే ఏర్పాటుంటే, ఫ్రేములో చిన్న చుక్కంత మేరనే అది కొలుస్తుంది. ఒక మధ్యాహ్నం ఐఎస్ఓ 100, అపర్చరు ఎఫ్ 8 పెట్టి చొక్కాను కొలిచాను. సెకనులో 2000వ వంతు అని చెప్పింది. మొగాన్ని కొలిస్తే 60వ వంతు. అంటే మధ్యలో ఐదు మెట్ల అగాధం! ఫిల్ము కాలంలో నీడను చూసి వెలుతురివ్వమనేవాళ్ళు. డిజిటల్‌లో అది తిరగబడుతుంది. బిందె నిండాక పోసిన నీళ్ళు ఎన్నో బిందెకు తెలియనట్లే, సెన్సరు నిండాక పడిన వెలుగు లెక్కలోకి రాదు, అక్కడ తెల్లమచ్చ తప్ప ఏమీ మిగలదు. కాబట్టి ముందు తెలుపును కాపాడుకోవాలి. చొక్కాను 5 నుంచి 8వ మెట్టుకు ఎక్కించాను. మూడు రెట్టింపులు: 1000, 500, 250. సెకనులో 250వ వంతు దగ్గర చొక్కా చొక్కాలాగుంది. మొగం మాత్రం 3వ మెట్టు మీదే ఉంది.

మిగిలిన రెండు మెట్లు ఎక్కించడానికి డబ్బు ఖర్చేమీ లేదు. తెల్లటి యూరియా సంచిని కోసి విప్పి, నాయన ముందర నేల మీద పరిచాను. కింద నుంచి వెలుగు తిరిగొచ్చి మొగం ఒక మెట్టెక్కింది. ఇంకొక మెట్టు పొద్దు ఇచ్చింది. మధ్యాహ్నం మాని ఉదయం ఏడున్నరకు తీస్తే, ఏటవాలు ఎండ తువ్వాలు కిందికి దూరి కళ్ళదాకా వచ్చింది. ఫోనుతో తీసేవాళ్ళకు ఇంకా సులభం. తెర మీద మొగాన్ని వేలితో తాకండి, బట్టలు మరీ తెల్లబడితే కొద్దిగా కిందికి జరపండి. అంతే!

ఇక్కడికి పుస్తకం పాఠం అయిపోయింది. తర్వాతి పాఠం నాయన దగ్గర అయింది.

మొన్న ఆగస్టులో వాన మొగం చాటేసింది. కరువు ఫోటో ఒకటి తీసి అందరి మెప్పూ పొందాలని నాకు బుద్ధి పుట్టింది. అటువంటి ఫోటో ఎట్లుండాలో మనందరికీ కంఠతా వచ్చు కదా! బీటలు వారిన నేల, దాని మీద గొంతుక్కూర్చున్న ముసలి రైతు, నుదుటి మీద చెయ్యి, చూపు ఆకాశం వైపు. నాయనను ఎండిన చెరువులోకి పిలిచి, అట్లా కూర్చొని పైకి చూడమన్నాను.

ఆయన కూర్చోలేదు. “ఆకాశం నేను సూడక యాడికి పోతా గానీ, నువ్వు సూడమంటే మాత్రం సూడను” అన్నాడు. కాసేపాగి, “ఈడేముందని తీస్తావు? ఈ బీటలు యా ఏడైనా ఎండాకాలం పడేటివే. కరువు సూడల్లంటే చేన్లోకి రా” అన్నాడు.

నిజమే. ఒండ్రు పేరుకున్న చెరువు గర్భమూ, నల్లరేగడీ ఎండితే చాలు, మంచి ఏడాదిలోనూ బీటలు పడతాయి. మా ఎర్ర ఇసుకనేల అట్లా పగలదు, పైన పెళుసుగా గట్టిపడుతుంది. శనక్కాయ పూత పూశాక ఊడలు కిందికి దిగి నేలలో దూరితేనే కాయ ఊరుతుంది. ఆ వేళ తడి లేకపోతే ఊడ గట్టినేలలోకి దూరలేదు. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది! రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకు పైరు బాగుందనిపిస్తుంది. మా కరువు రంగు పచ్చన. అది కంటికి కనపడదు, పీకి చూస్తేనే తెలుస్తుంది.

ఆ రాత్రి నాకు ఇంకొక సంగతి గుర్తుకొచ్చింది. 1876-78 నాటి మద్రాసు రాజధాని కరువులో, పెద్దలు ధాత కరువు అంటారే, దాంట్లో, విల్లోబీ వాలెస్ హూపర్ అనే ఆంగ్ల సైనికాధికారి ఎముకలగూళ్ళలాంటి మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అప్పటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు, 1882 దాకా మనం బళ్ళారి జిల్లాలో ఉన్నాం. ఆ కరువు మన సీమను ఊడ్చిపెట్టింది. ఆ ఫోటోల్లో ఎముకలు లెక్కపెట్టవచ్చు, మనుషుల పేర్లు మాత్రం మనకు తెలియవు. తీసినవాడి పేరు మిగిలింది. నేను నాయనను కూర్చోమన్న తీరు దానికి ఎంత దగ్గరగా ఉందో తలుచుకుంటే సిగ్గేసింది.

మరునాడు ఉదయం ఏడున్నరకు చేనులోకి పోయాను, సంచితో సహా. నేనేమీ చెప్పలేదు. నాయన సాలు వెంబడి నడిచి ఒక చెట్టు పీకాడు, మన్ను విదిలించి, వేర్లు పైకి తిప్పి చూశాడు. చొక్కా 8వ మెట్టు, మొగం 5వ మెట్టు. తీశాను.

సాయంత్రం ఆ ఫోటో చూపించాను. ఆయన తన మొగం చూసుకోనే లేదు. చేతిలోని చెట్టు మీద వేలు పెట్టి, “నాలుగు కాయలు. ఒకటి లొట్ట. అన్నీ బాగా కనపడతాండాయిలే” అన్నాడు. మొగం చూసింది మా అమ్మ. చాలాసేపు చూసింది. “దీన్ని పెద్దగా కడిగించుకొని రా” అనింది.

మిత్రులారా! మనలో చాలామంది ఇండ్లలో పెద్దవాళ్ళ ఫోటోలు కార్డుల మీద నల్లమచ్చలుగానే ఉన్నాయి. మీటరు తన లెక్క తాను చెప్తుంది, దాన్ని తప్పు పట్టి లాభం లేదు. మనవాళ్ళ మొగం ఏ మెట్టు మీదుండాలో నిర్ణయించవలసింది మనమే. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మనో అవ్వనో ఉదయపు ఎండలో నిలబెట్టి, వాళ్ళు తమ పనిలో ఉన్నప్పుడు, మొగాన్ని కొలిచి ఒక్క ఫోటో తీయండి. నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఏ ఆదివారమైనా ఉదయం ఏడు గంటలకు కళాశాల మైదానం దగ్గరికి రండి. పుస్తకం నా దగ్గరుంది, యూరియా సంచి కూడా నేనే తెస్తాను.