వరి నాట్లు – కండరాల శ్రమ: విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

పెన్నా నదికి ఉత్తరపు ఒడ్డున, నెల్లూరుకు ఎదురుగా ఉన్న కోవూరు ప్రాంతం వరి సాగుకు పెట్టింది పేరు. ఒకప్పటి మొలగొలుకుల స్థానంలో నెల్లూరు మసూరి (ఎన్.ఎల్.ఆర్. 34449) వంటి రకాలు వచ్చాయి. అయితే నాట్లు నేటికీ చాలావరకు మహిళా కూలీల చేతుల మీదుగానే సాగుతున్నాయి. ఎకరాకు విత్తనం, ఎరువు, నీరు ఎంత అవసరమో మనం లెక్క కట్టి చెబుతాము. ఆ పని చేసే కండరానికి ఎంత విరామం కావాలో చెప్పడం మాత్రం అరుదు.

కండరాల నిర్మాణం

మానవ శరీరంలో 600కు పైగా అస్థి కండరాలు ఉన్నాయి. ఇవి స్నాయుబంధనాల ద్వారా ఎముకలకు అతికి, మన ఇచ్ఛకు లోబడి పనిచేస్తాయి. జీర్ణాశయం, రక్తనాళాల గోడలలోని నునుపు కండరాలు, గుండెలోని హృదయ కండరం ఇచ్ఛతో నిమిత్తం లేకుండా పనిచేస్తాయి. అస్థి కండరపు ప్రతి తంతువులోను ఆక్టిన్ అనే సన్నని పోగులు, మయోసిన్ అనే మందమైన పోగులు వరుసగా అమరి ఉంటాయి.

పనిచేసే విధానం

నాడి చివర అసిటైల్‌కోలిన్ విడుదలైనపుడు కండర తంతువు ఉత్తేజితమై, దానిలో కాల్షియం వెలువడుతుంది. అపుడు మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగులను లోపలికి లాగుతాయి. పోగులు పొట్టివి కావు, ఒకదాని పక్కగా ఒకటి జారుతాయి. ఈ విషయాన్ని 1954లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి.

ఈ లాగుడుకు కావలసిన శక్తి ఎ.టి.పి. నుండి లభిస్తుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి.ని 1929లోను వెల్లడించారు. ఈ రెండు నిల్వలూ తీవ్రమైన శ్రమలో కొన్ని సెకన్లకు మించి చాలవు. ఆపైన రక్తం తెచ్చే ప్రాణవాయువు, గ్లూకోజులే ఆధారం.

నాట్లలో నడుము నొప్పి

నడిచేటపుడు కండరం బిగుస్తూ, సడలుతూ ఉంటుంది కనుక రక్తం చక్కగా ప్రసరిస్తుంది. వంగిన భంగిమలో నిలిచిపోయినపుడు వీపు, మెడ కండరాలు ఎడతెగక బిగిసి ఉండి, తమలోని రక్తనాళాలను తామే నొక్కివేస్తాయి. పూర్తిగా వంగినపుడు వీపు కండరాలు దాదాపు పని మానివేయగా, భారం వెన్నెముక సంధిబంధనాలు, డిస్కుల మీదకు మారుతుంది. చాలాసేపు సాగిన సంధిబంధనాలు వెంటనే బిగువు పొందవు. అందువలన ఎక్కువసేపు వంగి, లేచిన వెంటనే తడి నారు కట్టలు ఎత్తడం ప్రమాదకరం.

ఇతర రుగ్మతలు

ఎడగారు పనులలో ఎండ తీవ్రత వలన చెమటతో నీరు, లవణాలు కోల్పోయి పిక్కలు పట్టేస్తాయి. బురదలో అయిన గాయం ద్వారా ధనుర్వాతం సోకితే కండరాలు సడలలేక బిగుసుకుపోతాయి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు అసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుంటాయి. తత్ఫలితంగా కండరాలు అదిరి, ఆపై బలహీనపడి, శ్వాస కండరాలు సైతం స్తంభించవచ్చు. తొలి లక్షణాలు తగ్గిన తరువాత, ఒకటి నుండి నాలుగు రోజులలో మెడ ఎత్తలేని బలహీనత కనిపించవచ్చు. కనుక బాధితుని మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. తేరుకున్నట్లు కనిపించినా వైద్యుల పర్యవేక్షణలోనే ఉంచాలి.

పాటించవలసిన సూచనలు

• అరగంటకొకసారి ఒకటి రెండు నిమిషాలు నిటారుగా నిలబడి నడుమును సడలించాలి.
• లేచిన వెంటనే బరువులు ఎత్తరాదు. నారు కట్టలను చిన్నవిగా కట్టి, నాటే చోటికి దగ్గరగా పరచాలి.
• ఒకే వ్యక్తి రోజంతా నాటకుండా, నారు పీకడం, మోయడం, నాటడం వంతులవారీగా చేయాలి.
• పొలం గట్టున నీడ, తాగునీరు, ఉప్పు కలిపిన మజ్జిగ అందుబాటులో ఉంచాలి.
• కాలికి తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రంపై అదుపు తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

ఎకరాకు ఇంత అని గుత్తకు నాటే ముఠాలో, విరామం తీసుకున్న కూలీ పని తోటివారి మీద పడుతుంది. కనుక ఈ సూచనలను కూలీలకు మాత్రమే చెబితే చాలదు. గుత్త మాట్లాడుకునేటపుడే రైతు, ముఠా మేస్త్రీ విరామాన్ని పనిలో భాగంగా లెక్కించేలా చూడాలి. డ్రమ్ సీడరు, నాటు యంత్రాల ప్రదర్శనలలో ఆదా అయిన ఖర్చుతో పాటు, వంగి చేసే పని ఎన్ని గంటలు తగ్గిందో కూడా నమోదు చేయడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.