మిగిలిన ట్యూబు



అంట్లు తోమి, సబ్బునీళ్లలో నాని వేళ్లు ఎర్రబడి, పగిలి, దురద పెట్టడం మనలో చాలామందికి అనుభవమే. దాన్ని ఎగ్జిమా అంటారు. డాక్టరుగారు దానికి స్టెరాయిడ్ పూతమందు రాస్తే భయపడకండి. చర్మంలోని వాపునూ మంటనూ అణిచే ఈ మందు 1952 నుంచీ వైద్యంలో ఉన్నదే. చెప్పినన్నాళ్లు పూస్తే మేలే చేస్తుంది.

మరి కీడెక్కడంటారా? మిగిలిన ట్యూబు ఇంటిల్లిపాదికీ పూయడంలో. మన తిరుపతి, చిత్తూరు ఎండలకు చెమటపట్టి నడుము చుట్టూ, గజ్జల్లో తామర లేస్తుంది. అది బూజుజాతి క్రిమి వల్ల వచ్చేది. స్టెరాయిడ్ పూస్తే దురద తగ్గినట్టే ఉంటుంది గానీ తామర ఇంకా పాకిపోతుంది. తెల్లబడాలని ఆడపిల్లలు ముఖానికి రోజూ పూస్తే చర్మం పలచబడి, సన్నని ఎర్రగీతలు తేలి, మొటిమలు లేస్తాయి. మానితే భగభగ మంట! అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది.

కొలత కూడా వినండమ్మా. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన మందు, అంటే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ముఖానికీ, గజ్జలకూ, పసిబిడ్డలకూ సొంతంగా పూయకండి. చాలాకాలంగా పూస్తున్నవాళ్లు తటాలున మానకుండా డాక్టరుకు చూపించుకోండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.

ఏ జబ్బుకు, ఎక్కడ, ఎన్నాళ్లు? ఈ మూడూ అడిగాకే మూత తీయండి.