చేను మీదే వడ్లు ఎందుకు మొలకెత్తుతాయి? పచ్చి గింజకు లేని తొందర ఎండిన గింజకే ఎందుకు?

కోతల టైమ్‌లో వాన పడిందంటే రైతు గుండెల్లో గుబులే. రెండు మూడు రోజులు ముసురు పట్టిందా.. పనల మీదున్న వరి, కళ్లంలో ఆరబోసిన వడ్లు తెల్లగా మొలకలేస్తాయి. అదే ముసురు గింజ పాలు పోసుకునే దశలో పడితే వేరే నష్టాలు ఉండొచ్చు కానీ, ఇలా మొలకలు మాత్రం రావు. మరి తేడా ఎక్కడుంది?

గింజ లోపల ఏం జరుగుతుంది?

గింజలో ఎక్కువ భాగం పిండి పదార్థమే. దాని చుట్టూ అల్యూరోన్ అనే పల్చటి పొర ఉంటుంది. ముదిరిన గింజ తడిస్తే, అందులోని పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను పంపిస్తుంది. ఆ సంకేతం అందగానే అల్యూరోన్ పొర ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్‌ను తయారు చేస్తుంది. అది పిండిని చక్కెరగా మార్చి మొలకకు ఆహారం అందిస్తుంది. మొలకెత్తిన ధాన్యంలో నాణ్యత పడిపోవడానికి కారణం ఇదే.

దీనికి బ్రేక్ వేసే హార్మోన్ కూడా ఉంది. పేరు అబ్‌సిసిక్ ఆమ్లం. గింజ ఎదిగే దశలో ఇది ఎక్కువగా ఉండి, ముదిరేకొద్దీ తగ్గిపోతుంది.

ఎండడమే అసలు స్విచ్!

గోధుమ గింజలపై చేసిన ప్రయోగాల్లో ఆసక్తికర విషయం బయటపడింది. పచ్చి గింజల అల్యూరోన్ పొరకు బయటి నుంచి జిబ్బరెల్లిన్ ఇచ్చినా ఎంజైమ్ తయారు కాలేదు. అలాంటి పచ్చి గింజలనే ముందుగా ఎండబెట్టి, మళ్లీ తడిపి హార్మోన్ ఇస్తే వెంటనే స్పందించాయి. 1975లో ‘నేచర్’ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. అంటే హార్మోన్ ఒక్కటే ఉంటే సరిపోదు, దాని మాట వినే శక్తి గింజకు రావాలి. ఆ శక్తిని ఇచ్చేది ఎండడమే. ఎండడం అంటే నీరు పోవడం మాత్రమే కాదు.. ‘ఎదుగుదల అయిపోయింది, ఇక మొలకకు రెడీ’ అని గింజకు అందే సిగ్నల్ కూడా.

అన్ని రకాలూ ఒకేలా మొలకెత్తవు

కొన్ని వరి రకాలకు కోత తర్వాత కొన్ని రోజుల పాటు నిద్రావస్థ ఉంటుంది. ఆ సమయంలో తడిసినా అంత త్వరగా మొలక రాదు. నిద్రావస్థ లేని రకాలకే ముప్పు ఎక్కువ. కోతల టైమ్‌లో వానలు పడే ప్రాంతాల్లో విత్తనం ఎంచుకునేటప్పుడే ఈ విషయం కనుక్కోవడం మంచిది.

రైతులు ఏం చేయాలి?

పొలంలో నిలిచిన నీటిని వెంటనే బయటకు తీసేయాలి. తడిసిన పనలపై 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తుంటారు. ఉప్పు వల్ల గింజ తేలిగ్గా నీటిని పీల్చుకోలేదు.

కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం దాటకూడదు కాబట్టి వడ్లు ఎండబెట్టక తప్పదు. అయితే బాగా ఎండిన గింజే మొలకకు రెడీగా ఉంటుందన్నది మర్చిపోవద్దు. అందుకే మబ్బు పడితే టార్పాలిన్ ముందుగా కప్పాల్సింది ఎండిన కుప్ప మీదే.