చెవి లోపలి చక్కెర కొమ్మలు

షుగరు ఉన్నవాళ్ల ఇళ్లలో హెచ్‌బీఏ1సీ పరీక్ష గురించి వినని మనిషి ఉండరు. మూడు నెలల సగటు తెలుస్తుందని డాక్టర్లు రాయించే పరీక్ష అది. అందులో కొలిచేది రక్తంలో తిరిగే చక్కెరను కాదు, ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌కు అతుక్కుపోయిన గ్లూకోజును. ఆ అతుక్కోవడం దానంతట అదే జరిగిపోతుంది. జిడ్డు చేతికి దుమ్ము అంటినట్టు, రక్తంలో గ్లూకోజు ఎంత ఎక్కువ ఉంటే అంత అంటుకుంటుంది.

ప్రోటీన్‌కు చక్కెర అంటుకోవడం అనగానే మనలో చాలామందికి తట్టేది ఇదే. అందుకే అదొక జబ్బు గుర్తుగా మనసులో పడిపోయింది. కానీ శరీరం తానే పనిగట్టుకుని, ఎంజైములను పెట్టి, ఫలానా ప్రోటీన్ మీద ఫలానా చోట చక్కెరను కూర్చే పద్ధతి ఒకటుంది. దాన్ని గ్లైకోసైలేషన్ అంటారు. మన ప్రోటీన్లలో సగానికి పైగా ఇలా చక్కెర తగిలించుకున్నవేనని అంచనా. ఆ చక్కెర ఎందుకక్కడ ఉందో తెలుసుకోవడానికి లోపలి చెవి కన్నా మంచి చోటు లేదని నేను అనుకుంటాను.

ముందు ఆ కూర్పు ఎలా జరుగుతుందో చూద్దాం. ఇది చాలావరకు మామిడికి అంటు కట్టడం లాంటి పని. కణంలో ప్రోటీన్ గొలుసు ఇంకా తయారవుతుండగానే, పక్కన 14 చక్కెర అణువుల కొమ్మ ఒకటి సిద్ధంగా ఉంటుంది. మొదట్లో రెండు ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్లు, వాటి మీద తొమ్మిది మానోజులు, కొసన మూడు గ్లూకోజులు. గొలుసులో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం వచ్చి, దాని తర్వాత ఒకటి వదిలి సెరీన్ గానీ థ్రియోనిన్ గానీ ఉంటే, ఎంజైము ఆ కొమ్మను మొత్తంగా తెచ్చి ఆస్పరాజిన్‌కు అంటు కట్టేస్తుంది. ఆ తర్వాత కత్తిరింపు మొదలవుతుంది. పైనున్న గ్లూకోజులు పోతాయి, మానోజుల్లో కొన్ని పోతాయి, వాటి చోట గాలక్టోజు, కొసన సియాలిక్ ఆమ్లం చిగురిస్తాయి. ప్రోటీన్ జన్యువులో రాసి ఉండేది అంటు కట్టాల్సిన చోటు మాత్రమే. కొమ్మ చివరికి ఎలా తేలుతుందన్నది ఆ కణంలో ఆ వేళకు ఏయే ఎంజైములు పనిలో ఉన్నాయో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే జన్యువు చదివితే చెవి మొత్తం అర్థమైపోయిందని అనుకోలేం.

ఇక చెవి సంగతి. శబ్దాన్ని పట్టే కాక్లియా బఠాణీ గింజంత ఉంటుంది. నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన ఆ గొట్టాన్ని విప్పి పరిస్తే మనిషిలో దాదాపు 35 మిల్లీమీటర్లు. అందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల రోమ కణాలు. కోడికి ఈ కణాలు దెబ్బతింటే మళ్లీ పుడతాయి. మనకు పుట్టవు, పోయినవి పోయినట్టే. ఒక్కో కణం తల మీద సన్నని రోమాలు మెట్ల వరసలో నిలబడి ఉంటాయి. వాటి మీదుగా పల్చని జెల్లీ పొర ఒకటి చాచి ఉంటుంది. టెక్టోరియల్ త్వచం అంటారు దాన్ని. శబ్దం వచ్చినప్పుడు కింది పొర ఊగి, రోమాలు ఈ జెల్లీకి రాసుకుని వంగుతాయి. ఆ వంగడమే మనం వినడానికి మొదలు.

ఈ జెల్లీ ఎలాంటిదో తెలియాలంటే వంటింట్లోకి వెళ్తే చాలు. గ్లాసు నీళ్లలో చెంచాడు సబ్జా గింజలు వేసి పది నిమిషాలు ఆగండి. ఆవగింజలా నల్లగా, గట్టిగా ఉన్న గింజ చుట్టూ తెల్లటి గవుసెన లాంటి జిగురు తయారవుతుంది. ఒకటి తీసి వేళ్ల మధ్య పట్టుకుంటే జారిపోతుంది తప్ప నీళ్లు కారవు. ఆ జిగురులో దాదాపు అంతా నీరే. దాన్ని పట్టి ఉంచింది గింజ పైపొరలోని చక్కెర గొలుసులు. మన టెక్టోరియల్ త్వచంలో కూడా నూటికి 97 పాళ్లు నీరే. మిగతా మూడు పాళ్లలో కొలాజెన్ దారాలు, వాటి మధ్య అల్లుకున్న ఆల్ఫా టెక్టోరిన్, బీటా టెక్టోరిన్, ఒటోజెలిన్ వంటి చక్కెర తొడిగిన ప్రోటీన్లు. నీటిని ఒడిసిపట్టుకుంటూనే పొర చెక్కుచెదరకుండా నిలబెట్టే పని వీటిది. పొర మరీ మెత్తబడినా, మరీ బిగిసినా రోమాలకు అందే తోపు మారిపోతుంది. ఆల్ఫా టెక్టోరిన్ జన్యువు టెక్టాలో మార్పులు వంశపారంపర్యంగా వినికిడి తగ్గిస్తాయని 1998లో బెల్జియం, ఆస్ట్రియా కుటుంబాల్లో తేలింది. ఇలాంటి కుటుంబాల్లో చాలాచోట్ల దెబ్బతినేది మధ్య స్థాయి స్వరాలు. మనం మాట్లాడుకునే మాటల్లో ఎక్కువ భాగం ఉండేది సరిగ్గా అక్కడే.

రోమాల ఒంటి మీద కూడా చక్కెర తొడుగు ఉంటుంది. కొసల్లోని సియాలిక్ ఆమ్లం వల్ల ఆ తొడుగుకు రుణావేశం వస్తుంది. అన్నిటికీ అదే ఆవేశం ఉండడంతో పక్కపక్క రోమాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా నిలబడతాయి. ఆ ఎడం లేకపోతే నూనె రాసిన జుట్టులా ఉండలు కట్టేస్తాయి. ఒక మెట్టు రోమాన్ని పై మెట్టు రోమానికి కట్టిన సన్నని తీగలు, అంటే క్యాడ్‌హెరిన్-23, ప్రోటోక్యాడ్‌హెరిన్-15 అనేవి, కూడా చక్కెర తొడిగిన ప్రోటీన్లే. రోమం వంగినప్పుడు బిగిసి కణం తలుపు తెరిచేవి ఇవే.

కంటికి కనిపించని ఈ చక్కెరలను చూసిందెలా? ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. 1888లో స్టిల్‌మార్క్ అనే విద్యార్థి, అప్పటి డోర్పాట్ విశ్వవిద్యాలయంలో, ఆముదం గింజల్లోని ఒక ప్రోటీన్ ఎర్ర రక్తకణాలను ఉండకట్టిస్తుందని చూపించాడు. కణాల మీది చక్కెరలను పట్టుకోవడం వల్లే ఆ ఉండలు కడుతున్నాయని తర్వాత అర్థమైంది. ఇలా ఒక్కో చక్కెరను ఏరి పట్టుకునే ప్రోటీన్లకు 1954లో లెక్టిన్లని పేరు పెట్టారు. లాటిన్‌లో ఏరుకోవడమనే మాట నుంచి వచ్చిందది. గోధుమ మొలకలోని లెక్టిన్ సియాలిక్ ఆమ్లాన్నీ, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్‌నూ పట్టుకుంటుంది. మన వేరుశనగ గింజలోని లెక్టిన్, గాలక్టోజు ఒక ప్రత్యేకమైన జతలో ఉన్నచోట పట్టుకుంటుంది. లెక్టిన్‌కు మెరిసే రంగు తగిలించి చెవి కోత మీద పోస్తే, చక్కెర ఎక్కడుందో అక్కడ వెలుగుతుంది. గోధుమ లెక్టిన్‌తో టెక్టోరియల్ త్వచం పూర్తిగా వెలిగిపోతుంది. వేరుశనగ లెక్టిన్‌తో చూసినప్పుడు, శబ్దం పట్టే కణాల రోమాలకూ, ఒంటి సమతూకం చూసుకునే కణాల రోమాలకూ చక్కెర కొమ్మలు వేరువేరని 1990ల్లో తెలిసింది. అనంతపురం చేలల్లో పీకి, దుమ్ము దులిపి, బస్తాలకెత్తే గింజ ప్రయోగశాలలో ఈ పనికి కూడా వస్తోంది.

ఈ చక్కెరల్లో ఒక్క పరమాణువు తేడా వచ్చినా ఏమవుతుందో చెప్పే కథ మన జాతిదే. సియాలిక్ ఆమ్లంలో రెండు రకాలు ముఖ్యం. ఒకదాని కన్నా రెండోదానికి ఒక్క ఆక్సిజన్ పరమాణువు ఎక్కువ. చింపాంజీకి, ఆవుకు, మేకకు, ఎలుకకు రెండూ ఉంటాయి. మనిషికి రెండోది తయారుకాదు. దాన్ని తయారుచేసే సీఎంఏహెచ్ జన్యువులో 92 అక్షరాల ముక్క ఒకటి మన పూర్వీకుల్లో రాలిపోయింది. 1998లో ఈ లోపం బయటపడింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివి శాన్‌డియేగోలో పరిశోధన సాగించిన అజిత్ వర్కీ బృందం ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేసింది. మేకమాంసం తిన్నప్పుడు ఆ రెండో రకం కొద్దిగా మన ఒంట్లోకి చేరుతుంది గానీ, సొంతంగా తయారుచేసుకునే శక్తి మాత్రం తిరిగి రాదు. వర్కీ బృందం ఎలుకల్లో అదే జన్యువును పనిచేయకుండా చేసి, 2007లో ఫలితం ప్రకటించింది. వయసు మీదపడేకొద్దీ ఆ ఎలుకల వినికిడి తగ్గిపోయింది. లోపలి చెవి కణజాలం అమరిక చెడింది, ఒంటి మీది గాయాలు మానడం కూడా ఆలస్యమైంది. ఎలుకలో జరిగింది మనిషికి అలాగే వర్తించదు. అయినా ఒక్క ఆక్సిజన్ తేడాకే చెవి ఇంతగా స్పందించిందన్నది నన్ను ఇప్పటికీ ఆపి ఆలోచింపజేస్తుంది.

అంటు కట్టడం ఎంత ముఖ్యమో, పాతబడ్డ కొమ్మను విప్పి పారేయడమూ అంతే ముఖ్యం. ఆ పనిలో మానోజులను తెంపే ఆల్ఫా మానోసిడేజ్ అనే ఎంజైము పుట్టుకతో లేని పిల్లలుంటారు. ఆల్ఫా మానోసిడోసిస్ అనే అరుదైన జబ్బు ఇది. విప్పని కొమ్మల ముక్కలు కణాల్లో పేరుకుపోతాయి. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది. తర్వాత తరచూ చెవి, గొంతు ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, ముఖ కవళికలు మెల్లగా మొరటుబారతాయి, మాట ఆలస్యమవుతుంది. వినికిడి లోపం దాదాపు అందరిలోనూ ఉంటుంది. ఆ ఎంజైమును ఎక్కించే మందుకు యూరప్‌లో 2018లో అనుమతి దొరికింది. ఇలాంటి బిడ్డకు మాట రాలేదని వినికిడి పరీక్ష రాసిన రోజే చిన్న సీసాలో మూత్రం కూడా పట్టి పంపిస్తే మంచిది. చెవిలో విప్పకుండా మిగిలిపోయిన కొమ్మల్లాంటివే, మానోజులు తగిలి ఉన్న ముక్కలు, ఆ సీసాలో కనిపిస్తాయి.