బావి క్రింది ఉప్పునీరు

రాజోలు, నరసాపురము ప్రాంతముల సముద్రతీర గ్రామములలో ఇసుకనేలను కొద్దిలోతు త్రవ్విన తియ్యనినీరు పడుననియు, ఆశపడి ఇంకను దిగినచో ఉప్పు తగులుననియు రైతుసోదరు లెఱిగినదే. వాననీరును, 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు కాలువలనుండి ఇంకిన నీరును తేలికయగుటచే, బరువైన ఉప్పునీటిపై తేలుచుండును. హాలెండువాడగు బాడన్ గైబెనును, 1901లో జర్మనీవాడగు హెర్జ్‌బెర్గును దీని లెక్క తేల్చిరి: సముద్రమట్టమునకు పైన మంచినీ రొక యడుగున్నచో, క్రింద 40 అడుగులుండును. మోటారుతో తోడి ఆ యడుగును పోగొట్టుకొన్నచో కాలక్రమమున ఉప్పు 40 అడుగులు పైకెక్కును!

అయితే ఈ లెక్క ఒకే యిసుకపొరకు సరిపోవును. మన డెల్టాలో ఇసుక, దానిక్రింద బంకమట్టి, మరల ఇసుక. పొరపొరకును సరిహద్దు వేఱు. పైపొర ఉప్పనై క్రిందిది తియ్యనై యుండవచ్చును; పూర్వము సముద్రమున్ననాటి ఉప్పు బంకలో నిలిచియు నుండవచ్చును. కావుననే శాస్త్రజ్ఞులు ఒక్కొక్క పొరలోని నీటిమట్టమును, ఉప్పదనమును వేర్వేఱుగ కొలిచి కంప్యూటరుపై నమూనా కట్టుదురు. కొలతలు లేని నమూనా విత్తులేని మడివంటిది.

పొరుగువాని బోరు లోతు చూచి మనమును అంతే దింపుట జూదము. బంకపొరను పొడిచి గొట్టముచుట్టు గట్టిగా మూయనిచో రెండునీళ్లును కలిసి ఊరి త్రాగునీరే చెడును. వేసవిలో కాలువలు కట్టిన దినములలో ఒక్క లోతైన బోరును రేయింబవళ్లు నడుపుటకంటె, నాలుగు పైబావులనుండి కొంచెము కొంచెముగ తోడుకొనుట మేలు. నీటిరుచి మారినచో ఆనాడే మోటారు ఆపవలయును.