మోత ఎక్కడిదో తేలాకే మరమ్మతు

ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వు రేడియోలను అటకెక్కించాయి గానీ, ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు మాత్రం వాల్వును, అంటే ట్యూబును, వదల్లేదు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంవాళ్లు కట్టిన తొలి ఆంప్‌కు మాతృక అమెరికా ఫెండర్ కంపెనీ బాస్‌మన్ సర్క్యూట్. ఆ వంశంలోని ట్యూబ్ ఆంప్‌లు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి, వాటితోపాటు పాత జబ్బూ వస్తోంది: గిటార్ తీగ ముట్టుకోకముందే మొదలయ్యే మోత. దానికి ఎవరిని అడిగినా ముందుగా దొరికే సలహా ట్యూబులు మార్చెయ్యమనే. ఆ సలహా చాలాసార్లు తప్పుదారి. మోత ఏ రకమో, ఎక్కడ పుడుతోందో తేలకముందు కొన్న ప్రతి సామానూ దండగే. తేల్చే పనిలో సగానికి పైగా మీటరు కూడా అక్కర్లేదు. చెవులు, నాబులు, కాస్త ఓపిక ఉంటే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ వేధించేది ఆగకుండా గుంయ్‌మనే హమ్. ఇందులో రెండు శ్రుతులున్నాయి. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది. ట్యూబుల్ని వేడెక్కించే 6.3 వోల్టుల ఏసీ తీగల నుంచి గానీ, దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గిటార్ పికప్‌లోకి గానీ చొరబడేది ఈ 50 హెర్ట్జే. పవర్ సప్లైలో ఏసీని డీసీ చేసేటప్పుడు రెక్టిఫయర్ అలలోని రెండు సగాలనూ ఒకే వైపుకు తిప్పుతుంది కాబట్టి అక్కడ మిగిలే అల 100 హెర్ట్జ్. ఆ అలను చదును చేసే పని ఫిల్టర్ కెపాసిటర్లది. ఏళ్ల తరబడి వేడికి వాటి లోపలి ద్రావకం ఎండిపోతే హమ్ పైకి తేలుతుంది. గిటార్ చేతిలో ఉన్నవారికి ఈ తేడా పట్టుకోవడం కష్టం కాదు. మామూలు శ్రుతిలో అన్నిటికన్నా లావైన తీగ మూడో ఫ్రెట్ దగ్గర పలికే స్వరం 98 హెర్ట్జ్. హమ్ దానితో దాదాపు కలిస్తే ముందుగా ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. ఒక స్థాయి కిందికి దిగితే హీటర్ వైరింగ్, పికప్, ఎర్త్ వంటివి. అమెరికా పుస్తకాల్లో ఇవే 60, 120 అని ఉంటాయి. అక్కడి కరెంటే వేరు, ఆ అంకెలు పట్టుకుని ఇక్కడ వెతికితే ఏమీ దొరకదు. ఇక హమ్‌కు బదులు జర్రుమనే గరుకు శబ్దం వస్తుంటే ఆంప్‌ను తిట్టేముందు గదిలోని ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్నీ, లైటు డిమ్మర్నీ ఆపి చూడాలి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే మోత పెరిగితే తప్పు ఆంప్‌ది కాకపోవచ్చు.

చెవి ఒక్కటే నమ్మదగిన సాక్షి కాదన్నది న్యాయమైన అభ్యంతరమే. గిటార్ స్పీకర్లు 50 హెర్ట్జ్‌ను సరిగా పలికించలేవు, దాని పై స్వరాలే ఎక్కువగా వినిపిస్తాయి. అందుకే రెండో సాక్ష్యం కావాలి. కాలువకు గండి ఎక్కడ పడిందో తెలియాలంటే తూములు ఒక్కొక్కటే మూసుకుంటూ వెళ్లినట్టు, సిగ్నల్ నడిచే దారిని ముక్కలు చేసి వినాలి. గిటార్‌ను పట్టుకుని నిలబడ్డచోటే తిరిగితే హమ్ పెరిగి తగ్గుతోందా? అది సింగిల్ కాయిల్ పికప్ వాటం. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో హంబకర్ పికప్‌కు పేటెంట్ దరఖాస్తు పెట్టింది ఆ బాధకు విరుగుడుగానే. కేబుల్ పీకేస్తే మోత ఆగిందా? ఆంప్ నిర్దోషి అయ్యే అవకాశం ఎక్కువ. పీకినా ఆగకపోతే వాల్యూం సున్నాకు తేవాలి. అప్పుడు తగ్గితే లోపం ఆ నాబుకు ముందున్న దశల్లో, తగ్గకపోతే తర్వాతి దశల్లోనో పవర్ సప్లైలోనో ఉన్నట్టు. ఆపైన స్విచ్ ఆపి, చల్లారనిచ్చి, చిన్న ప్రీఆంప్ ట్యూబుల్ని ఇన్‌పుట్ వైపు నుంచి ఒక్కొక్కటిగా తీసి, మళ్లీ ఆన్ చేసి వినవచ్చు. ఏది తీస్తే మోత ఆగిందో లోపం అక్కడో, దానికి ముందో. మొదటి ట్యూబ్ సంగతి ప్రత్యేకం: సాధారణంగా వాడే 12ఏఎక్స్7లోని ఒక్కో దశ సిగ్నల్‌ను సుమారు 50 రెట్లు పెంచుతుంది కాబట్టి, మొదట్లో పుట్టిన చిన్న రొద కూడా చివరికి పెద్ద మోత అవుతుంది.

ట్యూబులే కదా ఎక్కువగా పాడయ్యేవి, పీకి పెట్టడం తేలిక కదా అంటారు. నిజమే. అయితే మంచిదని తెలిసిన ఒక్క ట్యూబ్‌ను మొదటి సాకెట్‌లో పెట్టి చూడడం పరీక్ష, సెట్ మొత్తం కొనడం జూదం. పైగా ఇందులో ఒక మాయ ఉంది. కొత్త ట్యూబ్‌ను సాకెట్‌లోకి నొక్కినప్పుడు దాని పిన్నులు లోపలి మకిలిని గీకేస్తాయి. చిటపటలు ఆగిపోతాయి, పేరు కొత్త ట్యూబ్‌కు దక్కుతుంది, కొన్నాళ్లకు మకిలి మళ్లీ పట్టగానే చిటపటలూ తిరిగొస్తాయి. అవుట్‌పుట్ ట్యూబుల జత మారిస్తే ఇంకో చిక్కు. పుష్-పుల్ ఆంప్‌లో జత సమానంగా ఉంటే పవర్ సప్లైలో మిగిలిన అల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చాలావరకు రద్దవుతుంది. జత కుదరని కొత్త ట్యూబులు పెడితే ఉన్న హమ్ కాస్తా పెరుగుతుంది. ట్యూబ్ దోషమే అనడానికి గట్టి ఆధారం వేరే ఉంది: పెన్సిల్‌తో మెల్లగా తడితే అది స్పీకర్‌లో గంటలా మోగడం.

మోత ట్యూబ్ ఆంప్ స్వభావమే, సర్దుకుపోవాలనే వాదన సగమే ఒప్పు. బుస్సుమనే సన్నని రొద విషయంలో అది సరైనదే. ప్రతి రెసిస్టర్‌లోనూ వేడి వల్ల ఎలక్ట్రాన్లు కదులుతూ రొద పుట్టిస్తాయని బెల్ ల్యాబ్స్‌కు చెందిన జాన్సన్, నైక్విస్ట్ 1928లోనే ప్రకటించారు. గెయిన్ పెంచితే అదీ పెరుగుతుంది, పూర్తిగా పోదు. కానీ పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు అంతకు మించి రొద చేస్తాయి. మొదటి దశలో వాటి బదులు మెటల్ ఫిల్మ్‌వి వేస్తే తేడా వినిపిస్తుంది. నాదం పాడవుతుందని భయపడేవాళ్లున్నారు. మొదటి దశలో సిగ్నల్ అంత చిన్నదిగా ఉన్నప్పుడు ఆ భయానికి పెద్ద ఆధారం కనబడదు. గుంయ్‌మనే హమ్‌నూ, చిటపటలనూ మాత్రం స్వభావం ఖాతాలో వేయకూడదు. నాయిస్ గేట్ పెడల్ కొని తప్పించుకోవచ్చనుకుంటే, అది వాయించనప్పుడు మాత్రమే నోరు మూస్తుంది, వాయిస్తుంటే మోత స్వరం కిందే ఉంటుంది.

ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుందన్న చిట్కా మాత్రం చర్చకు కూడా తగదు. రెండు పరికరాలు వేర్వేరు చోట్ల ఎర్త్ అయినప్పుడు లూప్ ఏర్పడి హమ్ వస్తుంది, పిన్ను తీస్తే ఆగుతుంది కూడా. కానీ 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వే వేదిక మీదే ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. రెండు పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టడం, లేదా సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయడం దీనికి సరైన మందు. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నా వెనక తీగ లేని సందర్భాలుంటాయి, దాన్ని ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకోవాలి.

వాయించేవాళ్ల వెతుకులాట పెట్టె విప్పే దాకానే. లోపల 400 వోల్టులు, అంతకు పైనా ఉంటాయి, స్విచ్ ఆపి ప్లగ్ పీకినా కెపాసిటర్లలో ఆ ఛార్జి కాసేపు నిలిచి ఉంటుంది. అక్కడి నుంచి ఆ పని తెలిసిన మెకానిక్‌దే. ఆయనకు ‘మోత వస్తోంది’ అని చెప్పి ఊరుకోకుండా, ‘కేబుల్ లేకపోయినా, వాల్యూం సున్నాలో ఉన్నా మోత తగ్గట్లేదు, లావు తీగ మూడో ఫ్రెట్ శ్రుతిలో ఉంది’ అని చీటీ రాసి ఇస్తే, పెట్టె విప్పగానే ఆయన చెయ్యి ముందు ఫిల్టర్ కెపాసిటర్ల వైపే వెళ్తుంది.